రాయపురం పుల్ల ఐసు నుంచి జహీరాబాద్ చాక్లెట్ దాకా: హట్సన్ చంద్రమోగన్ గురించి తెలిసినవాళ్లు చెప్పండి

నడిబజారు:
మా ఊళ్లో అరుణ్ ఐస్‌క్రీమ్ పార్లర్ పెట్టమని మా బావమరిది ఒకటే పోరు. పెట్టడం, పెట్టకపోవడం తర్వాత చూద్దాం, అసలీ కంపెనీ ఎవరిది అని చదవడం మొదలుపెట్టాను. ఆ పెద్దాయన కథ ఇక్కడ పెడుతున్నాను. తెలిసినవాళ్లు కలపండి.

పేరు ఆర్.జి. చంద్రమోగన్. శివకాశి పక్కన తిరుత్తంగల్‌లో 1949లో పుట్టారు. పీయూసీలో లెక్కలు తప్పి చదువు ఆగిపోయింది. కలప డిపోలో నెలకు 65 రూపాయల జీతానికి కొన్నాళ్లు పనిచేశారు. 1970లో, 21 ఏళ్ల వయసులో, ఇంట్లోవాళ్లు ఆస్తి అమ్మి ఇచ్చిన 13 వేల రూపాయలతో మద్రాసు రాయపురంలో 250 చదరపు అడుగుల చోటు అద్దెకు తీసుకుని, నలుగురు పనివాళ్లతో పుల్ల ఐసు తయారీ పెట్టారు. మొదటి ఏడాది అమ్మకం లక్షన్నర. అదే ఇప్పటి హట్సన్ ఆగ్రో, అరుణ్ వాళ్ల ఐస్‌క్రీమ్ పేరే. 2023-24లో టర్నోవర్ దాదాపు 8 వేల కోట్లు. పాలు, పెరుగు, ఐస్‌క్రీమ్, ఇప్పుడు చాక్లెట్ కూడా.

నాకు అర్థం కానిది ఒక్కటే. ఆ రోజుల్లో మద్రాసులో దాసప్రకాష్, క్వాలిటీ, జాయ్ లాంటి పేర్లు ఉండేవి. వాటి మధ్య పుల్ల ఐసు కుర్రాడు ఎలా నిలబడ్డాడు? అంత రుచిగా చేశాడా?

రాయపురం తెలుగు:
రుచి కాదు బాబూ. ఎవరికి అమ్మాలో తెలుసుకున్నాడు, అంతే.

నేను పుట్టి పెరిగింది ఉత్తర మద్రాసులో. రాయపురం, చాకలిపేట, తండయారుపేట వైపు తెలుగు ఇళ్లు చాలా ఉండేవి, ఇప్పటికీ ఉన్నాయి. దాసప్రకాష్‌లో ఐస్‌క్రీమ్ తినడమంటే మాకు పండగ. పూనమల్లి హైరోడ్డు దాకా బస్సెక్కి, ఉతికిన చొక్కా వేసుకుని వెళ్లాలి. బడి గేటు ముందు తోపుడు బండి మీద దొరికేది వేరు. ఐదు పైసలో పది పైసలో ఇస్తే ఎర్రటి ఐసు. నాలుక రంగు చూసి ఇంట్లో తన్నేవారు. ఆయన మొదలుపెట్టింది ఈ రెండో రకం.

పేరున్న కంపెనీలతో హోటల్ టేబుల్ దగ్గర పోటీ పడితే అప్పుడే మునిగిపోయేవాడు. వాళ్లు పట్టించుకోని కొనుగోలుదారులు ఎవరని వెతికాడు. రాయపురం పక్కనే రేవు. ఓడలకు సరుకులు అందించే వర్తకులు ఉంటారు, ఓడ కదిలే ముందు బియ్యం నుంచి ఐస్‌క్రీమ్ దాకా అన్నీ ఎక్కించాలి. ఇంకోపక్క కాలేజీ క్యాంటీన్లు, హాస్టల్ మెస్సులు. 1974 ప్రాంతానికి ఈ రెండు చోట్లా ఆయన సరుకు బాగా పాతుకుపోయింది. హాస్టల్లో తిన్న కుర్రాడు సెలవులకు ఊరెళ్లి అదే పేరు అడుగుతాడు. ఆ ప్రచారానికి పైసా ఖర్చు లేదు.

సందేహి:
కథ బాగుంది. కానీ "13 వేలతో మొదలుపెట్టాడు" అని ప్రతివాళ్లూ చాలా చిన్న మొత్తంలా చెప్తారు. ఆయన జీతం 65 అన్నారుగా. భాగించి చూడండి, 200 నెలల జీతం. పదహారేళ్లు పైమాట. 1970లో పది గ్రాముల బంగారం 200 లోపే. ఇప్పటి రేటుకి ఆ బంగారం లెక్క కడితే ఎవరూ చిన్న పెట్టుబడి అనరు.

ఆయన్ని తక్కువ చేయడానికి చెప్పడం లేదు. అది ఒక కుటుంబం మొత్తం ఆస్తి. లెక్కలు తప్పిన కొడుకు చేతిలో పెట్టారు. ఇందులో నాకు పెద్దగా కనిపించేది ఆ ఇంటివాళ్ల ధైర్యమే.

నడిబజారు:
సందేహి గారూ, ఇది నాకు తట్టలేదు. మా నాన్నగారైతే లెక్కలు తప్పినవాడికి గల్లాపెట్టె తాళం కూడా ఇవ్వరు.

మైనస్ ఇరవై:
నేను ఫ్రీజర్ల పని చేస్తాను కాబట్టి యంత్రం వైపు నుంచి చెప్తాను.

పుల్ల ఐసు తయారీకి పెద్ద తెలివేమీ అక్కర్లేదు. ఉప్పునీళ్ల తొట్టి, దాన్ని సున్నా కంటే బాగా కిందికి చల్లబరిచే కంప్రెసర్, అందులో ముంచే అచ్చులు. చక్కెర నీళ్లు పోసి, పుల్ల గుచ్చి, గడ్డకట్టాక అచ్చును ఒక్క క్షణం మామూలు నీళ్లలో ముంచితే ఊడి వస్తుంది. ఎవడైనా చేస్తాడు. అందుకే అందులో లాభం మిగలదు.

ఐస్‌క్రీమ్ అలా కాదు. మైనస్ 18 దగ్గర ఉంచాలి. దారిలో కొంచెం మెత్తబడి మళ్లీ గట్టిపడితే లోపలి మంచు పలుకులు పెద్దవవుతాయి, నోట్లో ఇసకలా గరగరమంటుంది. అది తిన్నవాడు దుకాణాన్ని తిట్టడు, కంపెనీని తిడతాడు. అందుకని ఆ రోజుల్లో పెద్ద బ్రాండ్లు చిన్న ఊళ్ల జోలికి వెళ్లలేదు. కరెంటు నమ్మకం లేదు, చల్లటి లారీలు లేవు, దుకాణంలో ఫ్రీజర్ లేదు. చంద్రమోగన్ 1980ల మొదట్లో సరిగ్గా అక్కడికే వెళ్లారు. శివకాశి, కుంభకోణం, మదురై, పాండిచ్చేరి లాంటి చోట్లకి.

ఇక్కడ ఆయన చేసిన పనుల్లో నాకు నచ్చేది, తన సరుకు మాత్రమే అమ్మే దుకాణం పెట్టించడం. అన్నీ అమ్మే కిరాణా కొట్టువాడికి ఐస్‌క్రీమ్ ఒక మూల వస్తువు. రాత్రి కరెంటు బిల్లు తగ్గించడానికి ఫ్రీజర్ ఆపేస్తాడు. నా కళ్లారా చూశాను. అదొక్కటే బతుకైనవాడు ఆపడు.

ఖాతాపుస్తకం:
పై పోస్టుకి డబ్బు వైపు నుంచి కొంత కలుపుతాను.

1980ల మధ్య నాటికి తమిళనాడులో పరిమాణం లెక్కన ఎక్కువ ఐస్‌క్రీమ్ అమ్ముతున్నది అరుణే. 1986లో హట్సన్ పేరుతో కంపెనీ ఏర్పడింది. అప్పటికి ఇంకో గోడ అడ్డం ఉంది. ఐస్‌క్రీమ్ తయారీని ప్రభుత్వం చిన్న పరిశ్రమలకు రిజర్వు చేసింది, అంటే యంత్రాల మీద పెట్టుబడి ఒక హద్దు దాటకూడదు. ఆ రిజర్వేషన్ 1997లో గానీ పోలేదు. ఎదగాలంటే పక్కకు పాకాలి.

అదీకాక ఐస్‌క్రీమ్ నాలుగు నెలల వ్యాపారం. ఎండాకాలంలో చేతినిండా డబ్బు, వానలు పడగానే ఖాళీ. పాలు అలా కాదు, రోజూ పొద్దున్నే నగదు. 1995లో ఆరోక్య పాలు తెచ్చారు. 4.5 శాతం వెన్నతో చిక్కటి పాలు. అప్పట్లో ప్రైవేటు పాల ప్యాకెట్ అంటే జనానికి అనుమానం. మధ్యలో కాంట్రాక్టరు లేకుండా రైతుల దగ్గరే నేరుగా పాలు తీసుకోవడం మొదలుపెట్టారు. ఇప్పుడు 4 లక్షలకు పైగా రైతులు పోస్తున్నారని కంపెనీ చెప్పుకుంటుంది. దేశంలో ప్రైవేటు డెయిరీల్లో అతి పెద్దది అదే. 2025లో ఒడిశాలో మిల్క్ మంత్ర కంపెనీని 233 కోట్లకు కొన్నారు.

చాలామంది ఆయన్ని "ఐస్‌క్రీమ్ రాజు" అంటారు గానీ పద్దు తెరిస్తే ఇల్లు నడిపేది పాలు, పెరుగు. ఐస్‌క్రీమ్ పేరు తెచ్చింది, పాలు డబ్బు తెచ్చాయి.

సందేహి:
మరి కుటుంబ వ్యాపారం అనొచ్చా దీన్ని? షేర్ మార్కెట్లో ఉన్న కంపెనీ కదా.

ఖాతాపుస్తకం:
1996 నుంచీ మార్కెట్లో ఉంది. అయినా 70 శాతానికి పైగా వాటా ఇప్పటికీ ప్రమోటర్ కుటుంబం చేతిలోనే. కొడుకు సత్యన్ మేనేజింగ్ డైరెక్టర్‌గా పనిచేశారు. మన దగ్గర లిస్టయిన కంపెనీలు చాలావాటికి బోర్డు మీద ఇంటిపేరు ఉండదు గానీ భోజనాల బల్ల దగ్గరే నిర్ణయాలు జరుగుతాయి. అది మంచా చెడా అంటే మళ్లీ నాలుగు పేజీలు కొట్టుకుంటాం, వదిలేద్దాం.

వేసవి పార్లర్:
అన్నయ్యా, ఈ పెద్దవాళ్ల కథలు పక్కన పెట్టి మీ పార్లర్ సంగతి నేను చెప్తాను. నేను వేరే కంపెనీ పార్లర్ నడిపాను, పేరు చెప్పను. జిల్లా కేంద్రం కాదు, మండల ఊరు.

ఉగాది నుంచి జూన్ దాకా నిలబడడానికి టైమ్ ఉండదు. పెళ్లిళ్లకి పెద్ద డబ్బాల ఆర్డర్లు, సాయంత్రం పిల్లల గోల. తొలకరి పడిందా, ఇక ఈగలు కూడా రావు. కానీ ఫ్రీజర్ మాత్రం పన్నెండు నెలలూ తిరగాలి. అద్దె పన్నెండు నెలలూ కట్టాలి. ఒక గాలివాన రాత్రి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి మర్నాడు మధ్యాహ్నం దాకా కరెంటు లేదు. ఇన్వర్టర్ ఫ్రీజర్‌ని ఎంతసేపు లాగుతుంది? కోన్లన్నీ వంగిపోయాయి. కంపెనీ సేల్స్ అబ్బాయికి ఫోన్ చేస్తే, "కరిగినది వెనక్కి తీసుకోము మేడం, రూల్" అన్నాడు. ఆ నెలంతా పడిన టెన్షన్ నాకే తెలుసు. వీధిలో పిల్లలందరినీ పిలిచి గిన్నెల్లో పోసి ఇచ్చేశాను. వాళ్లకి మాత్రం జీవితంలో గొప్ప రోజు.

కాబట్టి సంతకం పెట్టే ముందు అడగాల్సినవి అడగండి. ఫ్రీజర్ ఎవరిది, డిపాజిట్ ఎంత, చెడితే ఎన్ని గంటల్లో మెకానిక్ వస్తాడు, కరిగిన సరుకు ఎవరి ఖాతాలోకి పోతుంది, వారానికి ఎన్నిసార్లు బండి వస్తుంది. నోటిమాట కాదు, కాగితం మీద రాయించుకోండి. జనరేటర్ ఖర్చు కూడా మొదటి రోజే లెక్కలో వేసుకోండి.

నడిబజారు:
చెల్లీ, ఈ పోస్టు ప్రింట్ తీసి మా బావమరిది ముందు పెడతాను.

జహీరాబాద్ పోరడు:
చాక్లెట్ సంగతి ఎవ్వరూ మాట్లాడుత లేరు, నేను చెప్తా. మా జహీరాబాద్ పక్కన గోవిందపూర్‌లో హట్సన్ ఫ్యాక్టరీ ఉంది. సంగారెడ్డి జిల్లా, బొంబాయి హైవే మీదికెల్లి దగ్గరే. ముందు 200 కోట్లు పెట్టిన్రు. 2022 సెప్టెంబర్‌ల ఇంకో 400 కోట్లు పెడుతున్నట్టు, అది దేశంలనే అతి పెద్ద ఐస్‌క్రీమ్ ప్లాంట్ అయితదని అప్పటి మంత్రి కేటీఆర్ ప్రకటించిన్రు. రోజుకు 100 టన్నుల ఐస్‌క్రీమ్, 7 టన్నుల చాక్లెట్ అన్నరు.

మాది చెరకు ప్రాంతం. ట్రాక్టర్ల ఫ్యాక్టరీ ఎప్పటి నుంచో ఉంది. ఐస్‌క్రీమ్ కంపెనీ వచ్చినంక పాల బండ్లు ఎక్కువైనయి. అంతకంటే గొప్పలు చెప్పను, మా ఇంట్ల ఎవ్వరూ అందులో పని చేస్తలేరు. కానీ హైదరాబాద్, పుణె, షోలాపూర్, బీదర్, గుల్బర్గా, అన్నిటికీ రోడ్డు కలిసే చోటు ఇది. రాత్రి బయల్దేరిన చల్ల బండి తెల్లారేసరికి ఏ దిక్కైనా చేరుకుంటది. ఆయన ఊరికే రాలేదు ఇక్కడికి.

రాయపురం తెలుగు:
అదే పాత బుద్ధి! అప్పుడు ఓడరేవు పక్కన, ఇప్పుడు హైవే పక్కన.

మైనస్ ఇరవై:
చాక్లెట్ విషయంలో నాకు కొంచెం ఆశ్చర్యం. ఐస్‌క్రీమ్ తయారుచేసేవాడికి చాక్లెట్ కొత్త కాదు, పుల్ల మీద నల్లటి పెంకు వేసేది వాళ్లే కదా. కానీ ఆ పెంకు, విడిగా అమ్మే చాక్లెట్ బిళ్ల ఒకటి కాదు. కోకో వెన్న కరిగేది ఇంచుమించు 34 డిగ్రీల దగ్గర. దాన్ని ఉన్నదున్నట్టు ఐస్‌క్రీమ్ మీద పోస్తే చలికి పెళుసై ముక్కలు రాలిపోతాయి, చల్లబడ్డ నోట్లో తొందరగా కరగదు కూడా. అందుకే పెంకులో ఎక్కువగా కొబ్బరి నూనె వాడతారు. అది 24 డిగ్రీలకే కరుగుతుంది. పంటి కింద టక్కున విరిగి, వెంటనే కరిగిపోయేది దాని వల్లే.

చాక్లెట్ బిళ్లకి మైనస్ 18 అక్కర్లేదు, 18 చాలు. ఫ్రీజర్లో పెట్టి తీస్తే చెమ్మ పట్టి పైన తెల్లటి పొడ లేస్తుంది, కొన్నవాడు బూజు అనుకుని పారేస్తాడు. మన మే నెలలో బయట షెల్ఫులో పెడితే మడతపడుతుంది. అంటే ఈయన ఇన్నేళ్లుగా కట్టుకున్న గడ్డకట్టే బండ్ల వ్యవస్థ దీనికి నేరుగా పనికిరాదు. పాలపొడి తనది, దుకాణాలు తనవి, అంతవరకు సరే. మిగతాదంతా కొత్తగా కట్టుకోవాలి.

సందేహి:
పైగా అటు నుంచి ఇటు వచ్చి చెయ్యి కాల్చుకున్నవాళ్లు ఉన్నారు. క్యాడ్‌బరీ డాలప్స్ అని ఐస్‌క్రీమ్ ఉండేది, గుర్తుందా ఎవరికైనా? దేశంలో చాక్లెట్ అంటే వాళ్లే. అంతటివాళ్లు ఐస్‌క్రీమ్ నడపలేక 1990లలో లీవర్ వాళ్లకి అమ్మేశారు. చాక్లెట్ వాడికి చలి అచ్చిరాలేదు, మరి చలివాడికి చాక్లెట్ అచ్చొస్తుందా?

ఖాతాపుస్తకం:
పోలిక పూర్తిగా కుదరదు. క్యాడ్‌బరీకి సొంత పార్లర్లు లేవు, ఎవరి ఫ్రీజర్ మీదనో ఆధారపడాలి. ఈయన దగ్గర తన పేరు బోర్డున్న పార్లర్లు ఉన్నాయి, పాల ప్యాకెట్లు అమ్మే దుకాణాలు ఉన్నాయి, 2012లో మొదలుపెట్టిన ఐబాకో ఉంది. ఐబాకోలో స్కూపు మీద చాక్లెట్, గింజలు, జెల్లీలు చల్లి బరువు చూసి అమ్ముతారు. అంటే చాక్లెట్ తినేవాడు ఇప్పటికే లోపలికి వస్తున్నాడు. వానాకాలంలో ఈగలు తోలుకునే పార్లర్‌లో అమ్మడానికి ఇంకో వస్తువు దొరుకుతుంది. పైన చెల్లెమ్మ చెప్పిన ఆ ఖాళీ ఎనిమిది నెలలు ఉన్నాయే, చాక్లెట్ దానికి మందు అనుకుంటున్నాను. గెలుస్తారని మాత్రం పందెం కట్టను. బిళ్ల చాక్లెట్‌లో పాతవాళ్ల పట్టు అలాంటిది.

కోకోతోట:
ఏలూరు జిల్లా నుంచి రాస్తున్నాను. కొబ్బరిలో కోకో వేసినవాళ్లం. దేశంలో కోకో ఎక్కువ పండేది మన ఆంధ్రాలోనే అన్న సంగతి చాక్లెట్ తినేవాళ్లకి చాలామందికి తెలియదు.

కాయ కోసి, పగలగొట్టి, తడి గింజని ఐదారు రోజులు పులియబెట్టాలి. మధ్యలో తిరగెయ్యాలి. తర్వాత ఎండబెట్టాలి. పులియబెట్టడం సరిగ్గా లేకపోతే చాక్లెట్ వాసన రాదు, ఎంత ఖరీదైన యంత్రం పెట్టినా రాదు. 2024లో ప్రపంచ మార్కెట్లో టన్ను 10 వేల డాలర్లు దాటింది, మాకు కిలోకి వెయ్యి దాకా వచ్చింది. జనం ఇళ్లు మొదలుపెట్టారు. 2025కి వచ్చేసరికి ధర సగానికి పడిపోయింది, కొనేవాళ్లు నాణ్యత లేదని వంకలు పెట్టారు, రైతులు రోడ్డెక్కారు. కొనే కంపెనీలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. అదీ మా బాధ.

పాల రైతు దగ్గరికి నేరుగా వెళ్లినాయన కోకో రైతు దగ్గరికీ అలాగే వస్తారా అని ఈ థ్రెడ్ చదువుతుంటే అనిపించింది. జహీరాబాద్ తమ్ముడూ, అక్కడ గింజ కొంటున్నారా, తయారైన కోకో ముద్ద తెప్పించుకుంటున్నారా?

జహీరాబాద్ పోరడు:
అన్నా, ఆ ముచ్చట నాకు తెల్వదు. గేటు లోపలికి పోలేదు ఎప్పుడూ. తెలిసిన డ్రైవర్ ఒకాయన ఉన్నడు, అడుగుత.

మైనస్ ఇరవై:
కోకోతోట గారూ, గింజ నుంచి మొదలుపెట్టాలంటే వేయించే యంత్రం, పొట్టు తీసేది, నూరేది, వెన్న పిండేది, ఇదంతా ఇంకో ఫ్యాక్టరీ. చాక్లెట్ చేసే కంపెనీల్లో చాలావరకు కోకో ముద్ద, వెన్న, పొడి విడివిడిగా కొనుక్కుని కలుపుకుంటాయి. రోజుకి 7 టన్నుల దగ్గర గింజ దాకా దిగడం లెక్క కుదురుతుందో లేదో.

కోకోతోట:
కుదరకపోవచ్చు. పాలకి మాత్రం మొదట్లో ఎక్కడ కుదిరింది?

సందేహి:
ఒక పక్క ప్రశ్న. ఐస్‌క్రీమ్ పేరుతో పామాయిల్ అమ్ముతున్నారని అందరూ అంటారు. ఇక్కడ ఆ గొడవ ఉందా?

మైనస్ ఇరవై:
ఎవరో చెప్పింది నమ్మక్కర్లేదు, కప్పు తిప్పి చూడండి. ఐస్‌క్రీమ్ అని రాయాలంటే అందులో పాల వెన్న కనీసం 10 శాతం ఉండాలి. వనస్పతి కొవ్వు వాడితే ఫ్రోజెన్ డిజర్ట్ అని రాసి తీరాలి. ఇంకోటి, లీటరు ఐస్‌క్రీమ్ కనీసం 525 గ్రాములు తూగాలని రూలు. అంటే డబ్బాలో సగం దాకా గాలి నింపినా చట్టం ఒప్పుకుంటుంది! అందుకే నేను లీటర్లు చూడను, గ్రాములు చూస్తాను. ఒకే ధరకి ఒకే సైజు డబ్బాలు రెండు చేతుల్లో పట్టుకుంటే తేడా తెలిసిపోతుంది.

మోడరేటర్:
పామాయిల్ చర్చకి వేరే థ్రెడ్ ఉంది, అక్కడికి వెళ్లండి. ఇక్కడ హట్సన్ విషయం మాత్రమే.

నడిబజారు:
అందరికీ థ్యాంక్స్. బావమరిదితో మాట్లాడాను. వేసవి పార్లర్ చెల్లి రాసిన ప్రశ్నలన్నీ తీసుకుని కంపెనీ డిపోకి వెళ్తాం. ఇంకో సంగతి, మా షాపుకి రెండు వీధుల అవతల ఇంటర్ కాలేజీ, దాని వెనక ఆడపిల్లల హాస్టల్ ఉన్నాయి. హాస్టల్ వార్డెన్‌ని ముందు కలుద్దామనుకుంటున్నాను.

రాయపురం తెలుగు:
వార్డెన్ కాదు, మెస్ నడిపే కాంట్రాక్టరుని కలువు.